తలుపు వేసుకుంటే కేసవుతుందా?

ప్రశ్న: మాది తిరుపతి కొర్లగుంట. మా ఆయన టైలరు. ఒక ఫైనాన్స్ కంపెనీలో 80 వేలు పర్సనల్ లోన్ తీసుకున్నాం. ఆయనకు చెయ్యి విరిగి మూడు కంతులు ఆగిపోయాయి. రెండు వారాలుగా రాత్రి ఎనిమిదిన్నరకు ఇద్దరు అబ్బాయిలు బండి మీద వస్తున్నారు. చెప్పులతోనే లోపలికొచ్చి కూర్చుంటారు. "మేం కోర్టు నుంచి వచ్చాం, సోమవారం కుట్టుమిషన్ ఎత్తుకుపోతాం" అన్నారు. ఎదురింటివాళ్లకు కూడా మా అప్పు సంగతి చెప్పారు. తలుపు వేసుకుంటే మా మీద కేసవుతుందా?

జవాబు: కాదమ్మా. నిశ్చింతగా తలుపు వేసుకోండి.

"కోర్టు నుంచి వచ్చాం" అన్న మాట దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండింది. కోర్టు నుంచి వచ్చేవాడు ఎలా ఉంటాడో నాకు తెలుసు. చిత్తూరు కోర్టుల్లో రిటైరయ్యేదాకా అమీనాగా, అంటే సమన్లు అందించి జప్తులు చేసే కోర్టు ఉద్యోగిగా చేశాను. జప్తు వారెంటు చేతిలో లేకుండా ఒక్క గడప తొక్కలేదు. ఆ వారెంటు రావాలంటే ముందు దావా వెయ్యాలి, కోర్టుకు రమ్మని మీకు సమన్లు రావాలి, డిక్రీ (కోర్టు తీర్పు) కావాలి, ఆపైన దాన్ని అమలు చెయ్యమని ఈపీ అనే పిటిషన్ వెయ్యాలి. ప్రతి కాగితం మీదా కేసు నంబరు, కోర్టు ముద్ర ఉంటాయి. కంపెనీవాళ్లు వాట్సాప్‌లో పంపే ఎర్రక్షరాల నోటీసు సమన్లు కాదు.

అంత వారెంటు ఉన్నా పొద్దు గూకిన తర్వాత సామాను జప్తుకు ఇంట్లోకి పోకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 62వ సెక్షన్. ఒకసారి పలమనేరు వైపు బస్సు చెడిపోయి, ఆ ఊరు చేరేసరికి దీపాలు పెట్టేశారు. అరుగు మీద మజ్జిగ తాగి వెనక్కొచ్చేశాను. తెల్లారాక మళ్లీ పోవాల్సొచ్చింది.

ఇక కుట్టుమిషన్. 60వ సెక్షన్ ప్రకారం వంటపాత్రలు, కట్టుబట్టలు, పరుపులు, ఆడవాళ్లు ఆచారం ప్రకారం తియ్యకూడని తాళిబొట్టు లాంటివి, చేతివృత్తివాళ్ల పనిముట్లు జప్తు చెయ్యకూడదు. టైలరుకు మిషన్ కంటే పనిముట్టు ఏముంది? అమీనా అయిన నేనే ముట్టుకోలేనిది ఆ కుర్రాళ్లు ఎట్లా ఎత్తుకుపోతారు? మిషన్‌నే తాకట్టు పెట్టి అప్పు తీసుకుని ఉంటే మాట వేరు. లోన్ కాగితం ఒకసారి చూసుకోండి.

ఇంటికి రావద్దని చట్టం చెప్పదు. వచ్చి అడగొచ్చు, మర్యాదగా. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది: ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత బాకీ కోసం ఫోన్లు చెయ్యకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో పరువు తియ్యకూడదు, ఇంట్లోవాళ్లను, స్నేహితులను వేధించకూడదు. ఎనిమిదిన్నరకు ఫోనే చెయ్యకూడదంటే, చెప్పులతో ఇంట్లో కూర్చోవడం ఏ రూలు? (మైక్రోఫైనాన్స్ అప్పులకైతే ఆ టైము ఇంకా తక్కువ, 9 నుంచి 6.) వచ్చినవాడి దగ్గర గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం ఉండాలి. గేటు బయటే నిలబెట్టి అడగండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పొమ్మన్నా పోకుండా లోపల కూర్చుని బెదిరిస్తే 112కి ఫోన్ చెయ్యండి. అది నేరం.

మొదట కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, తేదీలతో, టైములతో. నకలు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ (ఇలాంటి ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు. ఎలా ఫిర్యాదు చెయ్యాలో 14448కి ఫోన్ చేస్తే చెబుతారు.

ఒక మాట చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతా. తలుపు వేసుకున్నంత మాత్రాన అప్పు తీరదు, వడ్డీ ఆగదు. ఆస్పత్రి కాగితాలు పెట్టి కంతు తగ్గించమని కంపెనీకే రాయండి. ఆ అబ్బాయిల చేతికి రసీదు లేకుండా వంద రూపాయలు కూడా ఇవ్వొద్దు. ఎప్పుడైనా నిజం సమన్లు వస్తే మాత్రం దాక్కోకండి. అమీనాను చూసి పెరటి తలుపులోంచి జారుకున్నవాళ్లను ఎందరినో చూశాను, వాళ్లందరికీ ఎక్స్‌పార్టీ డిక్రీలే, అంటే వాళ్ల మాట వినకుండానే వచ్చిన తీర్పులే. తీసుకుని కోర్టుకు పోండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, నంబరు 15100.

సోమవారం వాళ్లొస్తే "వారెంటు నంబరెంత?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఏం చెప్పారో నాకు రాయండి.