చెరువుల లెక్కకు దారి గీసే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

జనవరిలో జరిగే నీటిపక్షుల గణనకు, నగరం పడమటి వైపు చెరువులలో ఎవరు ఎక్కడ తిరగాలో నిర్ణయించే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. నీవు పంపిన పటం చూశాను. ఎనిమిది చెరువులను ఒకే గీతతో కలిపి, ఉదయం ఆరు నుండి మధ్యాహ్నం రెండు వరకు ఒకే జట్టు తిరిగేటట్లు వేశావు. పెట్రోలు ఎంత ఖర్చవుతుందో ఆ పటం చక్కగా చెబుతుంది గాని, ఏ పిట్ట ఏ గట్టు నుండి కనబడుతుందో చెప్పదు. అందుచేత కొంచెం విపులంగా వ్రాస్తున్నాను.

అన్నిటికంటె ముందు సూర్యుణ్ణి చూడు. హుస్సేన్‌సాగర్‌కు ట్యాంక్‌బండ్ తూర్పున, నెక్లెస్ రోడ్డు పడమరన ఉన్నాయి కదా. ఉదయం ఏడున్నరకు నెక్లెస్ రోడ్డు మీద నిలబడి నీళ్ల వైపు చూస్తే ఎండ నేరుగా కళ్లలో పడి, నీటి మీద ఉన్నదల్లా నల్లని చుక్కగానే కనిపిస్తుంది. అదే సమయంలో ట్యాంక్‌బండ్ మీద ఉన్నవాడికి వీపుకు వెలుగు తగులుతుంది, ఎదుట ప్రతి ఈకా రంగుతో సహా తెలుస్తుంది. ఉస్మాన్‌సాగర్ కూడా అంతే. మూసీ పడమర నుండి తూర్పుకు పారుతుంది కనుక కట్ట తూర్పు కొసన ఉంది, నీళ్లు పడమరగా పరచుకుని ఉన్నాయి. అది ఉదయం చూడవలసిన చోటు, సాయంత్రం కాదు. ఇంకొక సంగతి: జనవరిలో సూర్యుడు ఆగ్నేయాన పొడిచి దక్షిణం మీదుగానే తిరుగుతాడు. కాబట్టి ఉత్తరపు గట్టున నిలబడి దక్షిణం వైపు చూసేవాడికి రోజంతా తంటాయే. నీ పటంలో మూడు చోట్లు అలాంటివే ఉన్నాయి, వాటిని మార్చు.

అయితే కట్ట ఒక్కటే చాలదు. చెరువు కట్ట దగ్గర లోతు, ఎగువన పలుచన అన్నది మన రైతులందరికీ తెలిసిన విషయమే. బాతులు, నామాల కోళ్లు, నీటికాకులు కట్ట మీది నుండి దొరుకుతాయి. బురదలో ముక్కు పెట్టి ఏరుకునే ఉల్లంకుల వంటి చిన్న పిట్టలు మాత్రం శిఖం భూమి వైపు, నీళ్లు వెనక్కు తగ్గిన అంచున ఉంటాయి, కట్ట నుండి వాటిని గుర్తించడం దుర్బిణీకి కూడా కష్టం. అందువల్ల ఏడు గంటల ప్రాంతంలో కట్ట మీద మొదలుపెట్టి, ఎండ కొంత పైకెక్కి మిరుమిట్లు తగ్గాక, తొమ్మిదికి శిఖం వైపు చేరేటట్లు దారి వేయాలి. మంచు ఉన్న రోజున తొందరపడవద్దు. ఎదుటి గట్టు కనబడేదాకా లెక్క మొదలుపెట్టకూడదు.

ఇక అసలు చిక్కు గొలుసుకట్టు చెరువులది. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది గాని, పిట్టలకు ఆ వరుసతో పని లేదు. కొన్నేళ్ల క్రితం నేనే దారులు గీసినప్పుడు ఒక పొరపాటు చేశాను. పై చెరువులో ఎనిమిదింటికి ఒక జట్టు నాలుగు వందల పైచిలుకు పిన్‌టెయిల్ బాతులను లెక్కపెట్టింది. ఆ తరువాత ఎవరో చేపలవారు పుట్టి దింపగానే గుంపంతా లేచిపోయింది. తొమ్మిదింటికి కింది చెరువు దగ్గర రెండవ జట్టు ఎంతో ఉత్సాహంగా నాలుగు వందల పిన్‌టెయిళ్లు వ్రాసుకుంది. సాయంత్రం కాగితాలు దగ్గర పెట్టుకుంటే గాని నాకు బుద్ధి రాలేదు. పక్కపక్కనున్న చెరువులను ఒకే గంటలో వేర్వేరు జట్లు చూడాలి. గుంపు లేచినప్పుడు సమయం, పోయిన దిక్కు రెండూ వ్రాసుకోవాలి. ఒక జట్టుకు రెండు చెరువులకు మించి ఇవ్వకు. మనుషులు చాలకపోతే చెరువులను తగ్గించు, హడావిడిని పెంచకు.

వారం ముందు అదే గంటకు ఒకసారి దారంతా నడిచి చూడు. ఫోనులోని పటంలో బాట అని ఉన్నచోట ఇప్పుడు ప్రహరీ గోడ ఉండవచ్చు, గోడకు గేటు, గేటుకు కాపలా మనిషి ఉండవచ్చు. అతనితో ముందే మాట్లాడి పెట్టుకుంటే ఆ రోజు అరగంట మిగులుతుంది. రిజర్వాయరు కట్టల మీదికి అనుమతి కావాలంటే ఉత్తరం ఇప్పుడే పెట్టాలి. వీధికుక్కల సంగతి నీకు చెప్పనక్కరలేదు.

నిలబడే చోటును మాటలలో వ్రాసి పెట్టు: ‘కట్ట మైసమ్మ గుడి దాటాక, తూముకు ఎడమ పక్క వేపచెట్టు’ అన్నట్లు. ఆసియా నీటిపక్షుల గణన మన ఉపఖండంలో 1987లో మొదలైంది. ఒక ఏడాది అంకెను మరొక ఏడాది దానితో పోల్చి చూడటానికే ఇంత శ్రమ. వచ్చే ఏడు నీ స్థానంలో మరొకరు వచ్చినా అదే చెట్టు కింద, అదే గంటకు నిలబడగలగాలి. అందువల్ల ‘ఈసారి పట్టెతల బాతులు అవతలి చెరువులో దిగాయట’ అని ఎవరు ఫోను చేసినా నీ జట్టు దారి మార్చరాదు. ఆ కబురును వేరుగా వ్రాసుకో. గుర్రపుడెక్క కమ్మేసి ఒక్క పిట్టా లేని చెరువు దగ్గర సున్నా వేయడానికి మన కుర్రాళ్లు సిగ్గుపడతారు, ఆ సున్నా లేకుండా కాగితం తీసుకోకు.

తేదీ విషయంలో ఒక మాట. సంక్రాంతి దగ్గర వేయకు. సగం మంది ఊళ్లకు పోతారు, ఉన్నవారు మేడల మీద పతంగులు ఎగరేస్తూ ఉంటారు. పండుగ తరువాతి ఆదివారం మేలు. అప్పటికి కొమ్మలకు మాంజా చుట్టుకుని ఉంటుంది కనుక ప్రతి జట్టు దగ్గర ఒక చిన్న కత్తెర, పాత తువ్వాలు ఉండాలి. చిక్కుకున్న కొంగను పట్టుకునేటప్పుడు దాని ముక్కు కళ్ల దాకా రాకుండా ముందు తల మీద గుడ్డ కప్పాలి.

కొత్త పటం గీసి పంపు. ఈసారి ప్రతి నిలకడ చోటు పక్కన ఎటు చూడాలో బాణం గుర్తు వేయి, అక్షరాలు కొంచెం పెద్దవిగా ఉండనీ. శిఖం బురదలోకి దిగడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు, ఏదైనా ఒక కట్ట నా పేర వ్రాసుకో.

ఇట్లు,
పెదనాన్న