మడగాస్కర్ ఎవరు పెట్టిన పేరు? అది ఆఫ్రికా దేశమేనా?

మడగాస్కర్‌కి ఆ పేరెలా వచ్చింది, అక్కడివాళ్లని మలగాసీలని ఎందుకంటారు, అసలది ఆఫ్రికా దేశమేనా అని అడిగారు. రాజధాని అంటనానరివో దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో నేను మూడేళ్లు అకౌంట్స్ చూశాను. తెలిసినంతవరకు చెప్తాను.

మడగాస్కర్ అన్నది బయటివాళ్లు పెట్టిన పేరు. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో తాను ఎన్నడూ అడుగుపెట్టని, దాదాపు ఇదే పేరున్న ఒక దీవి గురించి విన్నది విన్నట్టు చెప్పాడు. అక్కడ ఏనుగులు, ఒంటెలు ఉన్నాయన్నాడు. ఈ దీవిలో ఏనుగులు లేవు. సోమాలియా తీరంలోని మొగదిషు పేరే నోటా నోటా మారి ఇటు వచ్చిపడిందని చాలామంది చరిత్రకారుల మాట. 1500లో పోర్చుగీసు నావికుడు డియోగో డియాస్ సెయింట్ లారెన్స్ పండుగ రోజున ఈ తీరాన్ని చూసి ఆ పేరే పెట్టాడు కానీ అది నిలవలేదు. 1817లో బ్రిటిష్ వాళ్లు మధ్య పీఠభూమిని ఏలే మెరీనా తెగ రాజు మొదటి రడామాని 'మడగాస్కర్ రాజు' అని ఒప్పందంలో రాశారు. అప్పటికి దీవి మొత్తం ఆయన చేతిలో లేనేలేదు. పేరు ముందు దక్కింది, రాజ్యం తర్వాత పెరిగింది.

అక్కడివాళ్లు మాత్రం 'మడగాసికర' అంటారు. వాళ్ల నోట 'స్క' పలకదు, మన పల్లెల్లో స్కూలుని ఇస్కూలు అన్నట్టే. మనుషులకీ భాషకీ మలగాసీ అన్న ఒకే మాట, అదీ చివరి అచ్చు మింగేసి 'మలగాస్' అంటారు.

ఇక నన్ను కట్టిపడేసిన సంగతి. వెళ్లిన మొదటి వారం రోడ్డు పక్కన చిన్న భోజనాల కొట్లో కూర్చున్నాను. వాళ్లు దాన్ని 'హోటెలీ' అంటారు. ప్లేటు నిండా అన్నం పెట్టి ఆవిడ 'వారి' అంది. చెవికి అచ్చం మన వరి! తిన్నాక, అన్నం వండిన గిన్నెలో అడుగంటిన మాడు మీదే నీళ్లు పోసి మరిగించి, గోధుమరంగు నీళ్లు కప్పులో పోసి ఇచ్చింది. దాన్ని 'రానువూలా' అంటారు. అమ్మమ్మ ఇంట్లో మాడు చెక్కు కోసం పోట్లాడుకున్న వాసన అదే. వాళ్ల 'వారి'కీ మన వరికీ చుట్టరికం ఉందని నేననను. మలగాసీకి దగ్గరి బంధువు ఇండోనేషియాలోని బోర్నియో దీవిలో మాట్లాడే మాన్యాన్ భాష. వెయ్యేళ్లకు పైగా కిందట అక్కడి నుంచి పడవల మీద హిందూ మహాసముద్రం దాటి వచ్చినవాళ్లు, ఆఫ్రికా నుంచి వచ్చిన, బంటూ భాషలు మాట్లాడే జనం కలిసి ఈ జాతి అయింది. ఎదురుగా ఉన్న మొజాంబిక్ తీరం ఇరుకైన చోట 400 కిలోమీటర్లు దాటితే చాలు. అయినా భాష తూర్పు నుంచే వచ్చింది!

దీవి దాదాపు 5,87,000 చదరపు కిలోమీటర్లు, మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అందులో సగం రావు. తూర్పు తీరమంతా వానలు, తుపాన్లు. నైరుతిలో ముళ్ల అడవులు, ఎండలు. మధ్య పీఠభూమిలో జూలైలో స్వెటర్ లేకుండా ఆఫీసుకి వెళ్లలేకపోయేవాణ్ణి. ఒకప్పుడు ఈ నేల మన దేశపు నేలకి అతుక్కునే ఉండేది, విడిపోయి దాదాపు 8.8 కోట్ల ఏళ్లు.

ఫ్రెంచివాళ్లు 1895లో రాజధాని పట్టుకుని, 1896లో దీవిని వలసగా కలిపేసుకుని, మరుసటి ఏడాది రాణి మూడో రనవలోనాని దేశం దాటించారు. ఆమె 1917లో అల్జీర్స్‌లో పోయింది. 1947 మార్చి 29న మొదలైన తిరుగుబాటులో వేలమంది చనిపోయారు. మోరమంగా అనే ఊళ్లో రైలు పెట్టెల్లో బంధించిన ఖైదీల మీద సైనికులు కాల్పులు జరిపారు. ఏటా మార్చి 29న సెలవు. మా పెద్ద అకౌంటెంట్ తాత ఆ రోజుల్లో తూర్పు అడవుల్లో దాక్కుని దుంపలు తిని బతికాడట. ఆయన ఆ సంగతి చెప్తున్నంతసేపూ క్యాలిక్యులేటర్ మూత తీస్తూ వేస్తూనే ఉన్నారు, నా వైపు చూడలేదు.

పేరు ఆ తర్వాత కూడా మారింది. 1958లో 'మలగాసీ రిపబ్లిక్', అంటే మనుషుల పేరు. 1960 జూన్ 26న స్వాతంత్ర్యం వచ్చింది ఆ పేరుతోనే. 1975లో డిడియర్ రత్సిరాకా అధికారంలోకి వచ్చాక 'డెమొక్రాటిక్ రిపబ్లిక్ ఆఫ్ మడగాస్కర్', 1992 రాజ్యాంగంతో ఉత్త 'రిపబ్లిక్'. గొడవలు మాత్రం ఆగలేదు. 2002లో ఇద్దరు అధ్యక్షులం మేమంటే మేమన్నారు. 2009లో సైన్యం అండతో ప్రభుత్వం మారింది. 2025 అక్టోబరులో కరెంటు, నీళ్ల కోసం కుర్రాళ్లు వీధుల్లోకి వచ్చాక మళ్లీ సైన్యం చేతికే పోయింది. ఆ కరెంటు కోతల్లో నేనూ చాలా రాత్రులు గడిపాను. వాళ్ల కోపం నాకు బాగా అర్థమవుతుంది.

ఆఫ్రికా దేశమేనా అంటే, ఆఫ్రికన్ యూనియన్‌లో సభ్యదేశమే, అందులో అనుమానం లేదు. కానీ మా టీమ్‌లో ఒకమ్మాయి ట్రైనింగ్‌కి కెన్యాలోని నైరోబీ బయల్దేరుతూ అందరికీ ఇలా చెప్పింది: "సోమవారం నుంచి రెండు వారాలు ఉండను, ఆఫ్రికా వెళ్తున్నాను."