లేజర్ డయోడ్‌కి ఒక్క రెసిస్టర్ చాలదా, డ్రైవర్ కట్టాల్సిందేనా?

పాత డీవీడీ రైటర్‌లోంచి తీసిన ఎర్ర లేజర్ డయోడ్‌కి ఒక రెసిస్టర్ పెట్టి అడాప్టర్‌కి తగిలించేస్తే సరిపోదా అని అడిగారు. వెలుగుతుంది. కానీ డయోడ్ వేడెక్కే కొద్దీ దానికి కావలసిన వోల్టేజీ తగ్గి, లాగే కరెంటు పెరుగుతుంది. అడాప్టర్ కొంచెం ఎక్కువ ఇచ్చినా అంతే. అందుకే కరెంటును కట్టడి చేసే డ్రైవర్ కట్టండి. ఒక ఎల్‌ఎం317 (మూడు కాళ్ల వోల్టేజీ రెగ్యులేటర్ చిప్పు), ఒక రెసిస్టర్, ఒక చిన్న కెపాసిటర్, అంతే.

అయితే నా అనుభవంలో డయోడ్‌ని చంపేది సర్క్యూట్ కాదు, వదులు కనెక్షన్. ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను.

2011లో నేను బీటెక్ మూడో సంవత్సరం, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండేవాణ్ణి. డీవీడీ డ్రైవ్ పాత సామాన్ల కొట్టులో దొరికింది, మిగతావి కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను. శనగగింజంత డయోడ్‌ని విప్పి తీయడానికే ఒక సాయంత్రం పట్టింది. 317లో అవుట్ కాలికీ అడ్జస్ట్ కాలికీ మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు ఉంటాయి. ఆ మధ్యలో 10 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 125 మిల్లీ ఆంపియర్లు. అదే పెట్టాను. డయోడ్ కాళ్లకి మాత్రం సోల్డర్ చేయకుండా క్రోకడైల్ క్లిప్పులు తగిలించాను.

లెన్స్ లేదు కాబట్టి గోడ మీద చుక్క పడలేదు, సాగిన ఎర్రటి మరక పడింది. అందులో ఇసుక చల్లినట్టు సన్నటి గింజలు మెరుస్తున్నాయి. తల కాస్త పక్కకి జరిపితే గింజలూ జరుగుతున్నాయి. నిజమైన లేజర్‌కి గుర్తు అదే. పది నిమిషాలు అలాగే చూస్తూ కూర్చున్నాను.

ఇంతలో రూమ్మేట్ "జరగరా, టవల్ తీసుకోవాలి" అంటూ టేబుల్‌ని కదిపాడు. క్లిప్పు ఒక్క క్షణం ఊడి, మళ్లీ తగిలింది. మరక మళ్లీ వచ్చింది కానీ మసకగా, నున్నగా ఉంది. గింజలు లేవు. మీటర్‌లో చూస్తే కరెంటు అదే 125. అడాప్టర్ మార్చాను, 317 మార్చాను. రాత్రి రెండింటి దాకా డయోడ్ బాగానే ఉందనుకుంటూ మిగతావన్నీ మారుస్తూనే ఉన్నాను.

జరిగింది ఏమిటంటే, వెలుగు నిలకడగా ఉండాలని డయోడ్‌కి అడ్డంగా 47 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టాను. క్లిప్పు ఊడగానే కరెంటుకి దారి లేక 317 తన అవుట్‌పుట్‌ని పై దాకా ఎత్తేసింది. నాది పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్. పైన 9 అని రాసి ఉన్నా లోడు లేనప్పుడు 12 దాటేది. కెపాసిటర్ ఆ వోల్టేజీతో నిండిపోయింది. క్లిప్పు మళ్లీ తగలగానే అదంతా రెండున్నర వోల్టుల డయోడ్ మీద ఒక్కసారిగా పడింది. డయోడ్ చివర అద్దంలా పనిచేసే అంచు కాలిపోతే ఇక లేజర్ పుట్టదు, మామూలు ఎల్‌ఈడీలా ఎర్రగా వెలుగుతుంది. మీ డయోడ్ వెలుగుతూనే ఏమీ కాల్చలేకపోతోందంటే బహుశా అది ఇలాగే పోయింది.

అందుకని ముందు లేజర్ డయోడ్ లేకుండానే సర్క్యూట్‌ని పరీక్షించండి. మూడు 1ఎన్4007 మామూలు డయోడ్లు, ఒక 1 ఓమ్ రెసిస్టర్ వరసలో కలిపితే ఎర్ర డయోడ్‌కి బదులుగా పనికొస్తాయి. ఆ 1 ఓమ్ మీద మీటర్ పెడితే ఎన్ని మిల్లీవోల్టులు చూపిస్తే అన్ని మిల్లీ ఆంపియర్లు. సరిగ్గా ఉంటే సప్లై తీసేసి, కెపాసిటర్ కాళ్లని షార్ట్ చేసి ఖాళీ చేసి, అప్పుడు అసలు డయోడ్‌ని సోల్డర్ చేయండి. అంతవరకూ డయోడ్ కాళ్లకి సన్నటి రాగి తీగ చుట్టి ఉంచండి, ఒంటి మీది స్టాటిక్‌కి కూడా డయోడ్ పోతుంది. ఎర్త్ లేని రెండు పిన్నుల చవక సోల్డరింగ్ ఐరన్ అయితే వేడెక్కాక ప్లగ్ పీకేసి సోల్డర్ చేయండి. డయోడ్‌కి అడ్డంగా ఒక 1ఎన్4148 అనే చిన్న డయోడ్‌ని తిరగేసి పెడితే రివర్స్ వోల్టేజీ భయమూ ఉండదు.

317 కాళ్ల వరస 7805 అనే ఇంకో రెగ్యులేటర్ లాంటిది కాదు. రాసిన వైపు నుంచి చూస్తే ఎడమ నుంచి అడ్జస్ట్, అవుట్, ఇన్. వెనక రేకు గ్రౌండ్ కాదు, అవుట్, కాబట్టి హీట్ సింక్‌ని దేనికీ తగలనివ్వకండి. 317కీ రెసిస్టర్‌కీ కలిపి మూడు వోల్టుల దాకా పోతుంది, అందుకే ఎర్ర డయోడ్‌కైనా ఆరు వోల్టుల పైనే ఇవ్వాలి. రెండు లిథియం సెల్‌లు వరసలో పెట్టడం ఉత్తమం.

నాకు ఒళ్లు మండే సంగతి ఇంకొకటుంది. వీడియోల్లో అగ్గిపుల్ల వెలిగించి చూపిస్తారు, పక్కన కళ్లద్దాలు ఉండవు. పాయింటర్లకి చట్టాలు పెట్టే హద్దు చాలా చోట్ల 5 మిల్లీవాట్ల లోపే. ఈ డయోడ్ వంద దాటగలదు. స్టీలు గ్లాసు మీద పడి తిరిగొచ్చినా కన్ను పోతుంది, రెప్ప వేసే టైము కూడా ఉండదు. ఎండకి పెట్టుకునే చలువ కళ్లద్దాలు దీనికి పనికిరావు. 650 నానోమీటర్లని ఆపుతుందని స్పష్టంగా రాసి ఉన్నవే కొనండి. నేను ఆ రోజు ఏ అద్దాలూ లేకుండా కూర్చున్నాను, మీరు మాత్రం ఆ పని చేయకండి.

మీరు విప్పిన డ్రైవ్‌లో రెండు డయోడ్లు కనిపిస్తే ఒకటి సీడీ కోసం పెట్టింది, 780 నానోమీటర్లది. అది వెలిగినా కంటికి దాదాపు కనపడదు, అందుకే ఎర్రదాని కంటే ప్రమాదం. ఏది ఏదో తేల్చుకోవడానికి తక్కువ కరెంటు ఇచ్చి, డయోడ్‌ని కాగితం వైపు తిప్పి, కాగితాన్ని ఫోన్ కెమెరాలో చూడండి. డయోడ్ వైపు ముఖం పెట్టకండి.