ఇసినోఫిల్స్ 12 శాతం ఉంటే బ్లడ్ క్యాన్సరేనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పొద్దున లేవగానే వరసపెట్టి తుమ్ములు, ముక్కు కారడం. రక్తపరీక్షలో తెల్లకణాలు 9,800, ఇసినోఫిల్స్ 12 శాతం అని వచ్చింది. నెట్‌లో చూస్తే బ్లడ్ క్యాన్సర్ కూడా కావచ్చని ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మా, పెద్దవాళ్లలో మైక్రోలీటరు రక్తానికి తెల్లకణాలు సుమారు 4,000 నుంచి 11,000 వరకు ఉండొచ్చు. మీవి ఆ లోపే ఉన్నాయి. మీరు రాసిన లక్షణాలు ఎలర్జీ వైపే చూపిస్తున్నాయి.

తెల్లకణాలు ఐదు రకాలు. అన్నిటికంటే ఎక్కువుండే న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియా చొరబడిన చోటికి ముందుగా చేరి వాటిని మింగేస్తాయి. పుండులో చీము చాలావరకు చచ్చిన న్యూట్రోఫిల్సే. లింఫోసైట్లలో కొన్ని యాంటీబాడీలు తయారుచేస్తాయి, కొన్ని వైరస్ సోకిన కణాలను చంపుతాయి. మోనోసైట్లు రక్తంలోంచి బయటికెళ్లి మాక్రోఫేజ్‌లుగా మారి క్రిములను, చచ్చిన కణాలను ఏరేస్తాయి. బేసోఫిల్స్ ఒక శాతానికి మించి ఉండవు.

ఇక మీ ఇసినోఫిల్స్. నులిపురుగులు మింగడానికి మరీ పెద్దవి కదా, అందుకని ఇవి వాటిమీద విషపు ప్రోటీన్లు కుమ్మరిస్తాయి. ఎలర్జీలో అదే మందుగుండు మన ముక్కు పొరలమీదే పడుతుంది.

శాతం ఒక్కటే చూస్తే లాభం లేదు. 9,800లో 12 శాతమంటే 1,176. 500 దాటితే ఎక్కువే. కానీ 1,500 దాటి అలాగే నిలిచిపోతే తప్ప క్యాన్సర్‌లాంటి అరుదైన కారణాల కోసం సాధారణంగా వెతకం.

మన విశాఖలో ఎవరు తుమ్మినా నింద పోర్టు దుమ్ముకే. అది ముక్కును ఇబ్బంది పెట్టే మాట నిజమే. నా అనుమానం మాత్రం సముద్రపు తేమకి పరుపుల్లో, దిండ్లలో పెరిగే, కంటికి కనపడనంత చిన్న పురుగులు డస్ట్ మైట్స్ మీద. గలీబులు, దుప్పట్లు వారానికోసారి వేడినీళ్లలో ఉతకండి.

మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు మాత్రం వేసుకోకండి. వాటితో ఇసినోఫిల్స్ ఇట్టే పడిపోతాయి, రిపోర్టు బాగుంటుంది. కానీ కడుపులో స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు ఉంటే అది ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ముందు మలపరీక్ష చేయించండి. ఈమధ్య కొత్తగా ఏ మందులు మొదలుపెట్టారో కూడా డాక్టరుకు చెప్పండి, కొన్ని మందులకూ ఈ కణాలు పెరుగుతాయి.

రాత్రిళ్లు పొడిదగ్గు, ఆయాసం ఉంటే ఆలస్యం చేయొద్దు. ఉత్తరాంధ్రలో ఫైలేరియా ఉంది, అది ఊపిరితిత్తులను పట్టినా ఇసినోఫిల్స్ పెరుగుతాయి. అప్పుడు లెక్క సాధారణంగా 3,000 దాటుతుంది, మందు కూడా వేరే. అలాంటివేమీ లేకపోతే నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించి, రెండు రిపోర్టులూ దగ్గర్లోని ఫిజీషియన్‌కి చూపించండి.