పులిపిర్లు లేని ఆవు రక్తంలో వైరస్ ఉంటుందా?

ప్రశ్న: మా జెర్సీ సంకరజాతి పెయ్యకు మెడ మీద, చెవుల చుట్టూ పులిపిర్లు లేచాయి. పక్కనే కట్టేసే పాడావుకు ఒక్కటీ లేదు. దాని రక్తం పరీక్ష చేయిస్తే వైరస్ ఉందో లేదో తెలుస్తుందా? పాలు వాడుకోవచ్చా?
– ఒక పాడి రైతు, తాడికొండ

జవాబు: తెలుస్తుంది, కానీ మామూలు రక్తపరీక్షతో కాదు. పులిపిర్లకు కారణమైన పాపిల్లోమా వైరస్ చర్మాన్ని దాటి పోదని చాన్నాళ్లు అనుకున్నారు. ఏ లక్షణమూ లేని ఆవుల రక్తంలోనూ దాని డీఎన్‌ఏ దొరుకుతున్నట్టు బ్రెజిల్, ఇటలీ పరిశోధనల్లో బయటపడింది. అది ఎక్కువగా తెల్లకణాల్లో ఉంటుంది, అదీ చాలా కొద్దిగా. కొద్దిపాటి డీఎన్‌ఏను కూడా ఎన్నో రెట్లు పెంచి చూపించే పీసీఆర్ పరీక్ష అయితేనే పట్టుకోగలదు.

అన్ని ల్యాబుల్లోనూ ఈ పరీక్ష చేయరు. మీ పశువైద్యుడి ద్వారా గన్నవరం పశువైద్య కళాశాలలో అడిగించి, సరేనన్నాకే రక్తం తీయించండి.

తేడా వచ్చేది ఎక్కువగా రక్తం తీసే దగ్గరే. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద కూడా ఈ వైరస్ ఉండొచ్చు. సూదితో పాటు అదీ ట్యూబులోకి వస్తే ఉత్తపుణ్యానికి పాజిటివ్. అందుకే మెడ దగ్గర వెంట్రుకలు కత్తిరించి, సబ్బునీళ్లతో కడిగి, స్పిరిట్‌తో తుడవాలి. మొదటి 2 మి.లీ. వేరే ట్యూబులోకి వదిలేసి, తర్వాతి 4-5 మి.లీ. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ట్యూబులో పట్టాలి. 8-10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, కుదపకూడదు. హెపారిన్ ట్యూబు వద్దు, అది పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. డీప్‌ఫ్రీజర్‌లో పెడితే ఎర్రకణాలు పగిలి, వాటిలోని హిమోగ్లోబిన్ కూడా అదే పని చేస్తుంది. ఐస్‌బాక్సులో, ఐసు నేరుగా తగలకుండా, అదే రోజు చేర్చండి. మే నెల గుంటూరు ఎండలో బండి డిక్కీలో పెట్టుకెళ్తే ఇంతసేపు పడ్డ పాటంతా వృథా.

రిపోర్టులో రెండు చూడండి. ఆవు సొంత జన్యువు, అంటే బీటా-యాక్టిన్ లాంటిది, దొరికిందా? దొరక్కపోతే పరీక్షే సరిగా జరగలేదన్నమాట, ఆ నెగెటివ్‌ను నమ్మలేం. శాంపిల్ బదులు ఉత్త నీళ్లు పెట్టిన ట్యూబులోనూ వైరస్ కనిపించిందా? కనిపిస్తే ల్యాబులోనే కలుషితమైంది, ఆ విడత మొత్తం పనికిరాదు.

పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఆవుకు జబ్బు ఉన్నట్టు కాదు, దాన్ని అమ్మేయక్కర్లేదు. మమ్మల్ని అడిగితే మీ పాడావుకు ఈ ఖర్చే అనవసరం. ఆంబోతుకైతే ఆలోచించవచ్చు, వీర్యంలోనూ ఈ వైరస్ డీఎన్‌ఏ దొరికింది. పెయ్య పులిపిర్లు చాలావరకు కొన్ని నెలల్లో వాటంతటవే రాలిపోతాయి. ఈలోగా దాన్ని విడిగా కట్టేయండి. ముకుతాడు, చెవిపోగు వేసే కట్టర్ ఒకదానిది ఇంకోదానికి వాడొద్దు; సూది పశువుకొకటి. ఈ వైరస్‌కు స్పిరిట్‌ను తట్టుకునే శక్తి ఎక్కువ, పనిముట్లు కడిగాక బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టండి.

పాలు కాచి వాడుకోండి, పశువుల పులిపిర్లు మనుషులకు అంటవు.