సుజౌ తోటలు: సరిహద్దు జిల్లాల పాఠకుల ప్రశ్నలకు జవాబులు

చైనాలో షాంఘైకి పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న సుజౌ నగరపు పాత తోటల గురించి గత సంచికలో వ్యాసం వచ్చిన తరువాత ఒడిశాలోని గజపతి, రాయగడ, కోరాపుట్, గంజాం జిల్లాల తెలుగు పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒకచోట చేర్చి, వాటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి షాంఘైలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే ఏడాది మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాం. సుజౌకు రెండు రోజులు కేటాయించగలం. యునెస్కో జాబితాలో తొమ్మిది తోటలు ఉన్నాయని చదివాను. తొమ్మిదీ చూడగలమా? లేకపోతే వేటిని ఎంచుకోవాలి?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మాష్టారు గారూ, తొమ్మిది తోటల గుమ్మాలూ రెండు రోజుల్లో దాటి రావచ్చు గానీ, దయచేసి ఆ పని చేయకండి. 1997లో నాలుగు, 2000లో మరో అయిదు తోటలు ఆ జాబితాలో చేరాయి. వాటిలో ఒకటి నగరంలో లేదు, తొంగ్‌లీ అనే వేరే ఊళ్లో ఉంది. ఇవన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరు ఇల్లు కట్టుకుని కాపురమున్న చోట్లు. పొద్దున ఒక మండపంలో, సాయంత్రం మరొక వసారాలో కూర్చునే యజమాని కోసం అమర్చిన దృశ్యాలు, గంటకొక తోట చొప్పున తిరిగే మనిషికి అందవు. కాబట్టి మూడింటిని మాత్రం ఎంచుకుని, ఒక్కొక్కదానికి ఒక పూట ఇవ్వండి.

మొదటిది జువోజెంగ్ యువాన్. నగరంలోని తోటలలో ఇదే పెద్దది, అయిదు హెక్టార్లు, అంటే పన్నెండు ఎకరాల పైచిలుకు. రాజకొలువు విడిచి ఇంటికి తిరిగి వచ్చిన వాంగ్ షియెన్‌చెన్ అనే అధికారి 1509లో దీనికి శ్రీకారం చుట్టాడు. ఆయన మిత్రుడూ గొప్ప చిత్రకారుడూ అయిన వెన్ జెంగ్‌మింగ్ 1533లో ఈ తోటలోని 31 దృశ్యాలను చిత్రించి, ఒక్కొక్కదానికి ఒక పద్యం కూడా కూర్చాడు. అంత ప్రేమతో కట్టిన తోటను వాంగ్ కొడుకు ఒక్క రాత్రి జూదంలో పోగొట్టుకున్నాడని చెబుతారు. ఆ తరువాత అది ముక్కలై చేతులు మారింది. 1860లలో తైపింగ్ తిరుగుబాటు సేనాని లీ షియుచెంగ్ దానిని తన భవనంలో కలిపేసుకున్నాడు. ఈనాడు మీ కళ్లకు కనబడే కట్టడాలలో ఎక్కువ భాగం చింగ్ రాజవంశపు కాలానివే (1644–1911).

ఇక్కడ ఒక్క దృశ్యాన్ని మాత్రం వదలవద్దు. మధ్య భాగంలో తూర్పు కొసన ఉన్న మండపం దగ్గర నిలబడి కొలను మీదుగా పడమరకు చూస్తే, చెట్ల నడుమ ఒక ఎత్తయిన గోపురం తోటలోదే అన్నట్టుగా కనిపిస్తుంది. నిజానికి అది కిలోమీటరుకు పైగా దూరంలో, వేరే ఆలయ ప్రాంగణంలో ఉన్న 76 మీటర్ల ఉత్తరాలయ గోపురం. బయటి దృశ్యాన్ని లోపలికి అరువు తెచ్చుకునే ఈ పద్ధతిని, సుజౌ ప్రాంతంవాడైన జి చెంగ్ 1631లో రాసిన ఉద్యాన నిర్మాణ గ్రంథం ప్రత్యేకంగా వివరించింది. మీ ప్రాంతంలో మహేంద్రగిరి కనబడే వైపున కిటికీ పెట్టి ఇల్లు కట్టుకున్నవారు చేసిన పనీ ఇదే. గోపురం కనబడే సందు మూసుకుపోకుండా చెట్లనూ మండపాలనూ అటూ ఇటూ జరిపి కట్టడం ఆ తోటమాలుల ఘనత.

రెండవది వాంగ్‌షి యువాన్. ఒకటిన్నర ఎకరా కూడా ఉండదు. నన్ను అడిగితే సుజౌలో ఒకే తోట చూసే వీలున్నవారు చూడవలసింది ఇదే. పన్నెండవ శతాబ్దంలో షి జెంగ్‌జి అనే అధికారి ఇక్కడ ఇల్లు కట్టుకోగా, పద్దెనిమిదవ శతాబ్దంలో సోంగ్ జొంగ్‌యువాన్ దానిని కొని ఇప్పటి పేరు పెట్టాడు. నడిమి కొలను చాలా చిన్నది, అయినా ఒడ్డున నిలబడినవారికి పెద్ద చెరువులా తోస్తుంది. అందుకు కారణాలు వెతుక్కుంటూ తిరగడంలోనే ఉంది ఇక్కడి ఆనందం. కొలను మూలలను లోపలికి మలిచి, వాటి మీద మూడడుగుల్లో దాటగలిగేంత చిన్న రాతి వంతెన వేశారు గనుక నీరు దాని కింద నుంచి ఇంకా ఎక్కడికో సాగిపోతున్నట్టు ఉంటుంది. పెద్ద భవనాలను వెనక్కి జరిపి రాళ్ల చాటున, చెట్ల చాటున ఉంచి, నీటి అంచున తేలికైన మండపాలను మాత్రమే నిలిపారు. ఈ తోటలోని ఒక చిన్న పెరటి భాగాన్ని నమూనాగా తీసుకుని, సుజౌ పనివారే వెళ్లి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక చైనా ముంగిలి కట్టారు. అది 1981లో తెరుచుకుంది. వెచ్చని నెలల్లో రాత్రిపూట కూడా వాంగ్‌షి యువాన్‌ను తెరిచి, గదికొక ప్రదర్శన చొప్పున ఆ ప్రాంతపు పాటలూ కుంచు అనే పాత సంగీత నాటకపు ఘట్టాలూ వినిపిస్తారు. అవకాశం ఉంటే మీ రెండు రోజులలో ఒక రాత్రి అక్కడే ఉండిపోండి.

మూడవది త్సాంగ్‌లాంగ్ తింగ్. ఉద్యోగం ఊడిన సు షున్‌చిన్ అనే కవి 1045 ప్రాంతంలో నలభై వేల రాగి నాణేలకు ఈ నేల కొన్నాడు. మిగిలిన తోటలు ఎత్తయిన గోడల వెనుక దాగితే, దీని ముందు కాలువ పారుతూ ఉంటుంది. టికెట్ తీసుకోకముందే వీధిలో నుంచి సగం తోట కంటబడుతుంది. కొండకూ కాలువకూ మధ్య సాగే వసారా గోడలకు 108 జాలీ కిటికీలు ఉన్నాయి, ఏ రెండింటి అల్లికా ఒకటి కాదు. ఇక్కడ రద్దీ తక్కువ. మీ దంపతులు తీరుబడిగా కూర్చోవడానికి ఇదే మంచి చోటు.

ప్రశ్న: ఆ తోటల ఫొటోలలో పూల మొక్కల కంటే రాళ్లే ఎక్కువ కనిపించాయి. చిల్లులు పడిన, వంకరటింకర రాళ్లను తోట నడుమ నిలబెట్టి గౌరవించడం ఎందుకో అర్థం కాలేదు. అవి సహజమైనవేనా, చెక్కినవా?
— డిగ్రీ విద్యార్థిని, గుణుపురం

జవాబు: మంచి ప్రశ్న అమ్మా. ఈ తోటలను కట్టించినవారిలో చాలామంది కుంచె పట్టి కొండలనూ నీటినీ చిత్రించిన పండితులు, లేదా అటువంటి చిత్రకారుల స్నేహితులు. కొలువు పోయినా, విరమించుకున్నా, ఊరి నడిబొడ్డున ఉంటూనే కొండల్లో తపస్సు చేసుకుంటున్న భావన వారికి కావాలి. కొండను ఊళ్లోకి తేలేరు గనుక కొండ స్వభావం ఉన్న రాయిని తెచ్చుకున్నారు. దాని వెనుక సున్నం కొట్టిన తెల్లని గోడ కడితే, ఆ గోడ కాగితమై, రాయీ దాని నీడా బొమ్మ అవుతాయి. పూలు రెండు వారాల్లో వాడిపోతాయి. రాయి మీద మాత్రం ఎండ, వాన, మంచు, వెన్నెల ఏడాది పొడవునా వేర్వేరుగా పనిచేస్తూనే ఉంటాయి.

రాళ్లలో పేరుపొందినవి సుజౌ పక్కనే ఉన్న తాయ్‌హు సరస్సువి. అది సున్నపురాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి కొద్దిగా ఆమ్లగుణం వచ్చిన నీరు వేల ఏళ్లు ఆ రాయిని కరిగిస్తూ, అలలు ఒరుస్తూ ఉంటే ఇన్ని చిల్లులూ గుంతలూ ఏర్పడ్డాయి. అంతటితో తృప్తిపడని వ్యాపారులు మామూలు రాళ్లకు చిల్లులు చెక్కి, ఉలి గుర్తులు అరిగిపోయేదాకా ఏళ్ల తరబడి మళ్లీ సరస్సులో ముంచి ఉంచేవారు కూడా. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు రెండు వైపులా ఉంది. రసికులు రాయిలో చూసే గుణాలు నాలుగు: సన్నగా నిటారుగా ఉండాలి, ముడతలు పడాలి, నీరు కారేందుకు దారులు ఉండాలి, ఇటునుంచి అటు వెలుతురు కనబడాలి. లియూ యువాన్ అనే తోటలో ఆరున్నర మీటర్ల ఎత్తున్న గువాన్‌యున్ ఫెంగ్ అనే శిల ముందు నిలబడి ఈ నాలుగింటినీ వెతకండి, అప్పుడు ఏ ఫొటో చెప్పలేని సంగతి తెలుస్తుంది.

ఈ రాళ్ల మోజుకు ఒక దేశం పెద్ద మూల్యం చెల్లించింది. 1100లో గద్దెనెక్కిన హుయిజోంగ్ చక్రవర్తి తన రాజధాని కైఫెంగ్‌లో తోట కోసం దక్షిణ దేశం నుంచి రాళ్లు, మొక్కలు తెప్పించాడు. సుజౌవాడైన ఝు మియెన్ అధికారిగా ఉండి, నచ్చిన రాయి ఎవరి పెరట్లో కనబడినా ముద్ర వేసి పట్టుకుపోయేవాడు. రాళ్ల పడవలకు అడ్డువచ్చిన వంతెనలను కూలగొట్టించారు. ఆ బాధలు పడలేక 1120లో ఫాంగ్ లా నాయకత్వంలో జనం తిరగబడ్డారు. 1127లో కైఫెంగ్ శత్రువుల వశమైంది. గువాన్‌యున్ ఫెంగ్ అప్పుడు తరలించకుండా మిగిలిపోయిన శిలే అని చెబుతారు. దాని అందం చూస్తూ ఈ చరిత్రను మరిచిపోకూడదని నా అభిప్రాయం.

రాళ్ల చిక్కుదారులంటే ఇష్టమైన వయసు మీది గనుక 1342లో తియెన్‌రు అనే బౌద్ధ భిక్షువు కోసం వెలసిన సింహవనం కూడా చూడండి. గుహల గుండా ఎక్కుతూ దిగుతూ తిరగవచ్చు. ఇరవయ్యో శతాబ్దంలో ఇది ప్రసిద్ధ వాస్తుశిల్పి ఐ.ఎం. పేయ్ కుటుంబం ఆస్తి. దగ్గరలోనే ఆయన రూపకల్పనలో 2006లో తెరిచిన సుజౌ మ్యూజియం ఉంది. తెల్లగోడ ముందు కోసిన రాతి పలకలను కొండల వరుసలా నిలిపి, పాత తోటల సూత్రాన్ని ఆయన ఎలా కొత్తగా చెప్పాడో అక్కడ చూడవచ్చు. మ్యూజియంకు సోమవారం సెలవు.

ప్రశ్న: మన ప్రాంతం నుంచి వీసా, ప్రయాణం, డబ్బు చెల్లింపు ఎలా? ఏ నెలలు మంచివి?
— చిరు వ్యాపారి, జైపూరు (కోరాపుట్ జిల్లా)

జవాబు: 2020లో ఆగిన పర్యాటక వీసాలను భారతీయులకు 2025 జూలై నుంచి మళ్లీ ఇస్తున్నారు. ఒడిశావారి దరఖాస్తులు కోల్‌కతాలోని చైనా కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. సుజౌకు సొంత విమానాశ్రయం లేదు. షాంఘైలో దిగి వేగపు రైలు ఎక్కితే అరగంట ప్రయాణం. అక్కడ చెల్లింపులు దాదాపు అన్నీ ఫోన్ మీదనే నడుస్తాయి గనుక బయలుదేరకముందే అలీపే అనే చెల్లింపుల యాప్ పెట్టుకుని మీ అంతర్జాతీయ కార్డును దానికి జతచేసుకోండి. వాట్సాప్, గూగుల్ అక్కడి ఇంటర్నెట్‌లో పనిచేయవు. తోటల టికెట్లు పాస్‌పోర్టు మీదనే ఇస్తారు, దానిని గదిలో వదిలి వెళ్లవద్దు.

ఏప్రిల్ మధ్య భాగం, అక్టోబరు చివర నుంచి నవంబరు దాకా హాయిగా ఉంటుంది. జూన్ మధ్య నుంచి జూలై మొదటి వారాల దాకా ముసురు పడుతుంది. తామరలు చూడాలంటే మాత్రం ఆ తడి వేడిని ఓర్చుకోవాలి. మే నెల మొదటి రోజులలోనూ, అక్టోబరు మొదటి వారంలోనూ దేశమంతటికీ సెలవులు గనుక ఆ రోజుల్లో అసలు వెళ్లవద్దు. మామూలు రోజుల్లో కూడా పొద్దున్నే తలుపులు తెరిచే వేళకు గుమ్మం దగ్గర ఉంటే, గుంపులు వచ్చేలోగా ఒక గంటైనా నిశ్శబ్దంగా దక్కుతుంది.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు, శాకాహారి. తోటలతో పాటు పాత కోటలు, గోపురాలు కూడా చూపించాలని ఉంది. ఆమె తట్టుకోగలదా?
— గృహిణి, రాయగడ

జవాబు: అమ్మా, సింహవనాన్ని మీ అమ్మగారికి వద్దనుకోండి. అక్కడ ఇరుకు మెట్లు, నున్నటి రాళ్లు ఎక్కువ. పులికొండ ఎక్కవచ్చు, ఎందుకంటే దాని ఎత్తు నలభై మీటర్లు కూడా లేదు. పైన 959లో మొదలై 961లో పూర్తయిన ఏడంతస్తుల ఇటుక గోపురం ఉంది. ఎత్తు సుమారు 47 మీటర్లు. పునాది కింద ఒక వైపు రాయి, మరో వైపు మట్టి పొర మందంగా ఉండటంతో అది ఒరిగిపోయింది. కొస నిట్టనిలువు నుంచి రెండు మీటర్లకు పైగా పక్కకు జరిగి ఉంది. గోపురం లోపలికి ఎవరినీ ఎక్కనివ్వరు గనుక పెద్దవారికి ఆ శ్రమ లేదు. కింద ఉన్న ఖడ్గాల కొలను అడుగున, క్రీస్తు పూర్వం 514లో ఈ నగరాన్ని కట్టించిన వూ దేశపు రాజు హెలూ సమాధి ఉందని ఐతిహ్యం.

కోట గోడ చూడాలంటే నైరుతి మూలనున్న పాన్‌మెన్ ద్వారానికి తీసుకువెళ్లండి. నేల దారికి ఒకటి, కాలువకు ఒకటి చొప్పున రెండు ద్వారాలు పక్కపక్కనే ఉంటాయి. ఇప్పుడున్నది 1351 నాటి కట్టడం. 1229లో రాతి పలక మీద చెక్కిన నగర పటం సుజౌలో భద్రంగా ఉంది. వీధి పక్కన కాలువ, కాలువ పక్కన వీధిగా ఆ పటంలో ఉన్న అమరిక పింగ్‌జియాంగ్ వీధిలో నేటికీ చాలావరకు చెక్కుచెదరలేదు. ఆ వీధి చదునైనది, అక్కడ అమ్మగారితో నెమ్మదిగా నడవవచ్చు.

భోజనం విషయానికి వస్తే, మామూలు హోటళ్లలో నూడుల్స్ పులుసు మాంసంతోనే కాస్తారు గనుక పైన ముక్కలు లేనంత మాత్రాన శాకాహారం అనుకోవద్దు. లియూ యువాన్‌కు దగ్గరలోని షియువాన్ ఆలయంలో శాకాహార నూడుల్స్ దొరుకుతాయి. ఆ ఆలయం ఉన్న చోటు ఒకప్పుడు, లియూ యువాన్ తోటను కట్టించిన షు కుటుంబంవారి పడమటి తోట. తరువాతి తరం దానిని ఆలయానికి దానమిచ్చింది.

ప్రశ్న: మాది పట్టు నేసే కుటుంబం. మా ఊరినీ, సుజౌనూ కూడా పట్టు నగరమనే అంటారు. అక్కడ మా పనివారు చూడదగినది ఏమైనా ఉందా?
— నేతకారుడు, బరంపురం

జవాబు: ఉంది, మీరు మిగతా యాత్రికుల కంటే ఎక్కువ చూడగలరు కూడా. పైన చెప్పిన ఉత్తరాలయ గోపురానికి దగ్గరలోనే సుజౌ పట్టు మ్యూజియం ఉంది. పట్టుపురుగుల పెంపకం మొదలు మగ్గాల దాకా అన్నీ చూపిస్తారు. మీరు ప్రత్యేకంగా చూడవలసినది కెసి అనే నేత. అందులో పడుగు నిడివంతా సాగినా, పేక మాత్రం గుడ్డ అంచు నుంచి అంచుకు పోదు. ప్రతి రంగుకూ ఒక చిన్న నాడె ఉండి, తన రంగు ఉండవలసిన మేరకే వెళ్లి వెనక్కి తిరుగుతుంది. అందువల్ల రంగుల హద్దుల్లో సన్నని చీలికలు ఏర్పడతాయి, వెలుతురుకు పట్టి చూస్తే అవి తెలుస్తాయి. బరంపురం చీర అంచులో కుంభాలు నేసే మీ చేతులకు, అందులోని ఓపిక ఎవరూ విప్పి చెప్పకుండానే అర్థమవుతుంది. చైనా పట్టు నేతను యునెస్కో 2009లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

మింగ్, చింగ్ చక్రవర్తులకు బట్టలు సరఫరా చేసే నేత కార్యాలయాలు మూడు నగరాల్లో ఉండేవి, వాటిలో సుజౌ ఒకటి. ఇక కుట్టుపని కోసం హువాన్‌షియు షాన్‌జువాంగ్ అనే చిన్న తోటకు వెళ్లండి. 1807 ప్రాంతంలో గె యూలియాంగ్ అనే శిల్పి చిన్న స్థలంలో ఒక కొండనంతా రాళ్లతో పేర్చిన చోటు అది. యునెస్కో మొదట గుర్తించిన నాలుగు తోటలలో ఇదీ ఉంది. దానికి ఆనుకునే సుజౌ కుట్టుపని పరిశోధన సంస్థ ఉంది. ఒక పట్టు పోగును సన్నని పాయలుగా చీల్చి, గుడ్డకు రెండు వైపులా ఒకే బొమ్మ వచ్చేలా కుట్టే పనివారి నైపుణ్యం అక్కడ చూడవచ్చు. మీ ఇంట్లో పట్టు పోగు విలువ తెలిసిన ఆడవారిని కూడా తప్పక వెంట తీసుకువెళ్లండి. తోటకూ సంస్థకూ కలిపి ఒక పూట చాలు.