అమ్మానాన్నలు అమెరికా వస్తున్నారు, ఏ ఇన్సూరెన్స్ తీసుకోవాలి?

ఏటా వేసవి దగ్గర పడేసరికి నాకు ఇవే ఫోన్లు. "అన్నా, అమ్మావాళ్లకి వీసా వచ్చేసింది, టికెట్లు కూడా బుక్ చేసేశాం. ఇన్సూరెన్స్ ఏది మంచిది?" ఒక పేరు చెబితే కొనేసి ఊరుకుందామని వాళ్ల తొందర. నేను పేరు చెప్పను. వాళ్ల వయసెంత, రోజూ ఏం మందులు వేసుకుంటారు, ఎన్నాళ్లుంటారు అని తిరిగి నేనే అడుగుతాను. విసుక్కుంటారు. కానీ కొలతలివ్వకుండా చొక్కా కుట్టమంటే ఏ దర్జీ కుట్టగలడు?

విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లకి ఇన్సూరెన్స్ ఉండి తీరాలని అమెరికాలో రూలేమీ లేదు. ఇమిగ్రేషన్ ఆఫీసరుకి చూపించాల్సిన పనీ లేదు. యూరప్ దేశాలకి వెళ్లే షెంగెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల కవరేజీ కావాలి. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకిచ్చే కెనడా సూపర్ వీసాకైతే కనీసం లక్ష కెనడా డాలర్లది, ఏడాది పాటు చెల్లేది ఉండాలి. అక్కడ సర్కారే ఒక గీత గీసింది. ఇక్కడ ఆ గీత మనమే గీసుకోవాలి. అందుకే పేరుకి మాత్రమే పాలసీ అనిపించుకునేవి కూడా దర్జాగా అమ్ముడుపోతుంటాయి.

"ఎమర్జెన్సీకి వెళ్తే ఎవరినైనా చూడాల్సిందేనట కదా" అని కొందరి ధీమా. 1986లో వచ్చిన చట్టం ఒకటుంది, నిజమే. ఎమర్జెన్సీ రూమ్‌కి వచ్చిన మనిషిని డబ్బుల్లేవని గెంటెయ్యకూడదు, పరీక్ష చేసి ప్రాణాపాయం తప్పించాలి. అంతవరకే. ఆ తర్వాత బిల్లు పంపొద్దని అందులో ఎక్కడా లేదు. బిల్లు పోస్టులో నింపాదిగా వస్తుంది.

నా సంగతే చెబుతాను. నాన్న మొదటిసారి వచ్చినప్పుడు చవగ్గా ఉందని ఒక పాలసీ కొన్నాను. కాగితం మీద పెద్దక్షరాల్లో 50,000 డాలర్లని ఉంది, అది చూసి మురిసిపోయాను. ఒక రాత్రి ఆయనకి కడుపునొప్పి వస్తే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. రక్త పరీక్షలు, సీటీ స్కాన్, తెల్లవార్లూ అబ్జర్వేషన్. పొద్దున్నే ఇంటికి పంపేశారు. ఆసుపత్రి బిల్లు ఒకటి, డాక్టరుది వేరే, స్కాన్ చదివినాయనది ఇంకోటి, ఇలా నెలంతా కవర్లు వస్తూనే ఉన్నాయి. అన్నీ కలిపి 11,000 డాలర్ల పైచిలుకు. ఇన్సూరెన్స్ వాళ్లిచ్చింది 1,500 కూడా లేదు. మోసమని అరిచాను. మోసమేమీ కాదు, నేను కొన్నది ఫిక్స్‌డ్ బెనిఫిట్ పాలసీ. ఎమర్జెన్సీకి ఇంత, స్కాన్‌కి ఇంత, ఆసుపత్రిలో రోజుకి ఇంత అని ముందే రేట్లు రాసిపెట్టుంటాయి. బిల్లు ఎంతైనా ఆ రేటే ఇస్తారు. ఆ పట్టిక రెండో పేజీలోనే ఉంది. నేను మొదటి పేజీ దాటలేదు.

కాబట్టి మొట్టమొదట చూడాల్సింది అది ఫిక్స్‌డా, కాంప్రెహెన్సివా అన్నది. కాంప్రెహెన్సివ్‌లో లెక్క వేరు. డిడక్టిబుల్, అంటే ముందుగా మనం కట్టుకోవాల్సింది, 250 డాలర్లు, ఆ పైన మొదటి 5,000లో వాళ్లు 80 శాతం ఇస్తారు, తర్వాత పాలసీ గరిష్ఠం దాకా మొత్తం వాళ్లదే అనుకుందాం. ఇన్సూరెన్స్ వాళ్లతో ఒప్పందమున్న నెట్‌వర్క్ ఆసుపత్రిలో 40,000 బిల్లయితే మన చేతినుంచి పోయేది 250, ఆపైన 1,000, అంతే. ప్రీమియం కాస్త ఎక్కువ. ఇచ్చెయ్యండి. డబ్బు కలిసిరావాలంటే డిడక్టిబుల్ పెంచుకోండి గానీ గరిష్ఠ పరిమితి తగ్గించుకోకండి. 500 డాలర్లు మనమెలాగోలా కట్టుకోగలం, లక్ష కట్టుకోలేం. 70 దాటినవాళ్లకి చాలా పాలసీల్లో గరిష్ఠం దానంతటదే పడిపోతుంది, 80 దాటితే ఇంకా. అన్నట్టు, మన పెద్దవాళ్లలో చాలామందికి అసలు పుట్టినరోజు వేరు, సర్టిఫికెట్ పుట్టినరోజు వేరు. పాలసీలో పాస్‌పోర్టులో ఉన్నదే రాయాలి.

ఇండియాలో కొంటే చవక కదా అని అడుగుతారు. చవకే. కానీ 60 దాటినవాళ్లకి గది అద్దెకింత, సర్జన్‌కింత అని ఉపపరిమితులు పెట్టే పాలసీలు అక్కడ చాలా ఉన్నాయి. అంటే తిప్పి తిప్పి మా నాన్న పాలసీ దగ్గరికే వచ్చినట్టు. అవి లేని పాలసీ దొరికి, ఇక్కడి ఆసుపత్రికి నేరుగా కట్టే ఏర్పాటు కూడా ఉంటే తీసుకోవచ్చు.

ఇక అసలు చిక్కు పాత జబ్బులది. బీపీ, షుగరు, ఎప్పుడో వేసిన స్టెంటు లేని తల్లిదండ్రులు ఎంతమంది? విజిటర్ పాలసీలు మామూలుగా పాత జబ్బుల్ని వదిలేస్తాయి. రెండేళ్ల వెనక్కి చూసేవి కొన్ని, ఐదేళ్లు చూసేవి కొన్ని. వదిలేస్తూనే, "అక్యూట్ ఆన్‌సెట్"కి, అంటే పాత జబ్బు హఠాత్తుగా విషమిస్తే, మాత్రం ఇస్తామంటాయి. అమ్మేవాళ్లు దీన్ని "పాత జబ్బులకి కూడా కవరేజీ ఉందండీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. షరతులు చదవండి. ముందస్తు హెచ్చరిక లేకుండా హఠాత్తుగా రావాలి, వెంటనే వైద్యం చేయకపోతే ప్రమాదమన్నట్టుండాలి, వచ్చిన 24 గంటల్లోపు వైద్యం మొదలవ్వాలి. నెమ్మదిగా ముదిరేదేదీ ఇందులోకి రాదు. షుగరు వల్ల మానని కాలి పుండు రాదు, డయాలసిస్ రాదు. కొన్ని పాలసీల్లో ఫలానా వయసు దాటితే ఈ సదుపాయమే ఉండదు.

ఇప్పుడు మన ఇళ్లల్లో జరిగేది చూడండి. నాన్నకి సోమవారం గుండెల్లో మంట. గ్యాసేలే అని జీలకర్ర నములుతాడు. కొడుకు ఆఫీసు పని పాడవుతుందని చెప్పడు. బుధవారం రాత్రి తట్టుకోలేక చెబుతాడు. ఆసుపత్రిలో నర్సు ఎన్నాళ్లనుంచి అని అడుగుతుంది, మూడు రోజులనుంచి అంటాడు. ఆ మాట రికార్డుకెక్కుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చదివేది ఆ వాక్యాన్నే. హెచ్చరిక లేకుండా వచ్చిందా? లేదు. 24 గంటల్లో వచ్చారా? లేదు. నర్సుకి అబద్ధం చెప్పమని కాదు నేననేది, అది వైద్యానికే చేటు. దిగిన రోజే పెద్దవాళ్లని కూర్చోబెట్టి, ఒంట్లో ఏమాత్రం తేడాగా ఉన్నా అర్ధరాత్రైనా సరే లేపమని చెప్పాలి. పాత జబ్బులకి కూడా కొంత పరిమితి దాకా నిజంగానే ఇచ్చే ఖరీదైన పాలసీలూ లేకపోలేదు. గుండె ఆపరేషనో, కిడ్నీ సమస్యో ఉన్నవాళ్లకి వాటి ధర కనుక్కోండి. ఆ ధర భారమనిపిస్తే మనమే ఓసారి వెళ్లి చూసొచ్చే ఆలోచన చెయ్యొచ్చు.

సామాను పోవడం, ఫ్లైటు రద్దు, పంటి నొప్పి, కళ్లజోడు, వీటికోసం పాలసీలు పోల్చుకుంటూ కూర్చోవద్దు. రోజువారీ మందులు ఎటూ ఇవ్వరు, ఉన్నన్నాళ్లకీ సరిపడా ప్రిస్క్రిప్షన్‌తో సహా తెచ్చుకోవాలి.

పాలసీ విమానం ఎక్కే రోజునుంచి మొదలవ్వాలి. ఇక్కడికొచ్చాక కూడా కొనుక్కోవచ్చు, కానీ కొనేలోపు వచ్చిన జబ్బుకి ఇవ్వరు. రెండు నెలలకి కొని, చూసి పెంచుదాంలే అనుకుంటే గడువు మరిచిపోతాం. మధ్యలో ఖాళీ వచ్చి కొత్త పాలసీ తీసుకుంటే, పాతదాంట్లో బయటపడ్డ రోగం కొత్తదానికి పాత జబ్బైపోతుంది. ఉండేదెన్నాళ్లో అన్నాళ్లకీ ఒకేసారి తీసుకోండి.

వాడాల్సి వచ్చినప్పుడు, జ్వరానికీ దగ్గుకీ ఎమర్జెన్సీకి పరిగెత్తకండి, చిన్నాచితకా జబ్బులకి అర్జెంట్ కేర్ అనే క్లినిక్కులున్నాయి. అడ్మిట్ కాకుండా ఎమర్జెన్సీలో చూపించుకుని వచ్చేస్తే అదనపు డిడక్టిబుల్ వేసే పాలసీలున్నాయి. రిసెప్షన్‌లో "ఈ ఇన్సూరెన్స్ తీసుకుంటారా" అని అడిగితే, విజిటర్ పాలసీ పేరు వాళ్లు ఎన్నడూ విని ఉండరు, లేదనేస్తారు. కార్డు మీద పీపీవో నెట్‌వర్క్, అంటే ఒప్పందమున్న డాక్టర్లూ ఆసుపత్రుల గుంపు, పేరుంటుంది, అది చెప్పి ఆ నెట్‌వర్క్‌లో ఉన్నారా అని అడగండి. అడ్మిట్ చేస్తే కార్డు మీది నంబరుకి ఫోన్ చేసి చెప్పండి. చెప్పకపోతే ఇచ్చేదాంట్లో కోత పెట్టేవాళ్లున్నారు. మొదటి బిల్లు రాగానే కంగారుపడి క్రెడిట్ కార్డు తియ్యకండి, ఇన్సూరెన్స్ వాళ్లు ఎంతిచ్చారో లెక్క కాగితం వచ్చేదాకా ఆగండి. ఊళ్లో డాక్టరు రాసిన పాత చీటీలు అడుగుతారు, ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచుకోండి. క్లెయిమ్ కొట్టేస్తే అప్పీలు చెయ్యండి. అప్పటికీ కాకపోతే, లాభాపేక్ష లేని ఆసుపత్రులకి ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలని చట్టం చెబుతోంది. ఆ దరఖాస్తు అడిగి తీసుకోండి. నాన్న బిల్లులో కొంత అలాగే తగ్గింది.

గ్రీన్ కార్డు మీద వచ్చే అమ్మానాన్నల దారి వేరు. వచ్చిన 60 రోజుల్లోపు మార్కెట్‌ప్లేస్ అనే సర్కారు ఇన్సూరెన్స్ వేదికలో అసలైన హెల్త్ ప్లాన్ కొనుక్కోవచ్చు. 65 నిండి, ఇక్కడ ఐదేళ్లు వరసగా ఉంటే, పెద్దవాళ్లకిచ్చే సర్కారు ఇన్సూరెన్స్ మెడికేర్ కూడా కొనుక్కోవచ్చు.

క్రితంసారి అమ్మ వచ్చినప్పుడు ప్రీమియం ఎంతో విని, రూపాయల్లోకి మార్చి, గుండె మీద చెయ్యేసుకుంది. "నాకేం కాకపోతే ఆ డబ్బు తిరిగిస్తార్రా?" అంది. ఇవ్వరమ్మా అన్నాను. క్లెయిమ్ చెయ్యకుండా ముందుగా వెళ్లిపోతే మాత్రం, చిన్న ఫీజు పట్టుకుని మిగిలిన రోజులకి చాలా కంపెనీలు తిరిగిస్తాయి. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెబితే మర్నాడే టికెట్ మార్చమనేది.